అడవిలో టెంట్ అని డబ్బు కట్టించుకుని వక్కతోటలో పడుకోబెట్టారు. నిజంగా అడవిలో ఒక రాత్రి ఉండే దారి ఉందా?

వైట్‌ఫీల్డ్_వాసు
మొన్న శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి చిక్కమగళూరు జిల్లా కొండల వైపు వెళ్ళినప్పుడు జరిగింది. కడుపు మంట ఇంకా చల్లారలేదు. మా ఇంట్లో ముగ్గురం, మా తోడల్లుడి ఇంట్లో నలుగురు, మొత్తం ఏడుగురం. "దట్టమైన అడవిలో టెంట్లో ఒక రాత్రి, పొద్దున్నే కుద్రేముఖ శిఖరం" అన్న ప్రకటన చూసి మనిషికి 3,500 చొప్పున ముందే కట్టేశాం. మా పాప ఆరో తరగతి. రెండు వారాలుగా ఇంట్లో ఒకటే గోల. టార్చిలైటు కొను, బూట్లు కొను, రాత్రి ఏ జంతువులు అరుస్తాయి నాన్నా అని.

తీరా వెళ్ళాక చూస్తే టెంట్లు అడవిలో లేవు, రోడ్డు పక్కన వక్కతోటలో ఉన్నాయి. చదును చేసిన నేల మీద ముప్పై, నలభై టెంట్లు ఒకదానికొకటి ఆనించి వేశారు. ఇక్కడ దగ్గితే అక్కడ నిద్ర లేస్తారు. మధ్యలో చలిమంట, దాని పక్కన మనిషెత్తు స్పీకరు. ఒంటిగంట దాకా డాన్సులు. కీచురాళ్ళ చప్పుడు వినాలని వచ్చిన పిల్ల చెవులు మూసుకుని దుప్పట్లో దూరింది.

అదైనా సర్దుకునేవాళ్ళం. ఆదివారం పొద్దున జీపులో ఎగిరెగిరి పడుతూ అటవీశాఖ చెక్‌పోస్టు దాకా వెళ్తే, గార్డు దగ్గరున్న జాబితాలో మా పేర్లు లేవు. మా ఏడుగురి స్థానంలో ఇంకెవరివో ఏడు పేర్లు. ఆధార్ కార్డులు చూసి "ఇది మీరు కాదు కదా సార్" అన్నాడు, అదీ మర్యాదగానే. ఆయన్ని అనడానికేం లేదు, ఆయన పని ఆయన చేశాడు. మమ్మల్ని తీసుకెళ్ళిన కుర్రాడు మాత్రం "సార్, కొంచెం అడ్జస్ట్ చేసుకోండి, దగ్గర్లో ఫాల్స్ చూపిస్తా" అన్నాడు. మా పాప ఒక రాయి మీద కూర్చుని కొత్త బూట్ల లేసులు విప్పేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

అడిగేవి రెండు. మన చుట్టుపక్కల అడవుల్లో నిజంగా టెంట్ వేసుకోనిస్తారా, లేక అందరూ ఇలా తోటల్లోనే పడుకోబెడతారా? పర్మిట్ మనమే తీసుకోవాలంటే ఏం చేయాలి?

మాధవి_కేఆర్‌పురం
అచ్చం ఇదే మాకూ జరిగింది, పోయిన ఏడాది. మా జాబితాలో మా ఆయన పేరు బదులు ఎవరో "రాహుల్, 22" అని ఉంది. ఆయనకి 47. గార్డు మా ఆయన్ని, కాగితాన్ని మార్చి మార్చి చూశాడు.

చిత్తూరు_చిన్నోడు
మాధవక్కా, బావకి ఆ రోజంతా సంతోషమే అయ్యుంటుంది, పాతికేళ్ళు తగ్గాయి కదా.

కొండగాలి
వాసు గారూ, మొదటి ప్రశ్నకి సూటిగా చెబుతా. కుద్రేముఖ నేషనల్ పార్కు లోపల టెంట్ వేయనివ్వరు. పొద్దున ఎక్కాలి, చీకటి పడకముందే దిగాలి. శిఖరం మీద రాత్రి ఉండడమన్న మాటే లేదు. కాబట్టి కుద్రేముఖ పేరు చెప్పి "అడవి మధ్యలో టెంట్" అని ఎవరు అమ్మినా అది తోటో, హోమ్‌స్టే పెరడో అయ్యుంటుంది. తోటలో పడుకోవడం తప్పు కాదు, దాన్ని అడవి అని చెప్పి అమ్మడం తప్పు.

రెండోదానికి: కర్ణాటక అటవీశాఖకి "అరణ్య విహార" అని వెబ్‌సైటు ఉంది, 2024 అక్టోబర్ నుంచి నడుస్తోంది. ట్రెక్ దారి, తేదీ ఎంచుకుని, వచ్చేవాళ్ళందరి పేర్లు, గుర్తింపు కార్డు వివరాలు ఇవ్వాలి. దారికి రోజుకి 300 మందే. శని, ఆదివారాల టికెట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. మీ కథ మొదలయ్యేది అక్కడే. కొందరు ఏవో పేర్లతో ముందే కొనిపెట్టుకుని తర్వాత మనుషుల్ని వెతుక్కుంటారు. గార్డు కార్డు అడగకపోతే గట్టెక్కుతారు, అడిగితే మీలాంటివాళ్ళు బలి.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందో కూడా తెలియాలి. 2024 రిపబ్లిక్ డే సెలవులకి కుక్కే సుబ్రహ్మణ్య దగ్గరి కుమారపర్వతం దారిలో జనం తిరుమల క్యూలో నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆ ఫోటోలు దేశమంతా తిరిగాయి. ఆ వెంటనే ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కులన్నీ ప్రభుత్వం ఆపేసింది. తర్వాతే ఈ వెబ్‌సైటు.

ఇక నుంచి ఎవరితో వెళ్ళినా డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి: "మా పేర్లతో ఉన్న టికెట్ పీడీఎఫ్ పంపండి." పంపకపోతే ఆ ట్రిప్పు వద్దు.

వైట్‌ఫీల్డ్_వాసు
పేర్లు అడగనే లేదండీ మమ్మల్ని. మనిషికి ఇంత అని లెక్క, అంతే. అప్పుడే అనుమానం రావాల్సింది.

బీటీఎం_బాబు
కొండగాలి అన్నతో నాకు పేచీ ఉంది. 2013లో మేం అయిదుగురం కుక్కే నుంచి కుమారపర్వతం ఎక్కాం. దారిలో భట్టర మనెలో, అంటే భట్టుగారి ఇంట్లో, అన్నం, సాంబారు, మజ్జిగ. గిరిగద్దె దగ్గర అటవీశాఖ ఆఫీసులో రాయించుకున్నాం. ఆ రాత్రి శేషపర్వతం దగ్గర గడ్డిలో పడుకున్నాం. టెంటు కూడా లేదు, రెండు దుప్పట్లు. నా జీవితంలో అన్ని నక్షత్రాలు ఇంకెప్పుడూ చూడలేదు. ఇప్పుడు దానికీ టైమింగు, క్యూఆర్ కోడు, కార్డు. అడవి అందరిదీ. మన దేశంలో మన కొండ మీద పడుకోవడానికి ముందురోజు ఆన్‌లైన్లో టికెట్ దొరకలేదని ఇంట్లో కూర్చోవాలా?

కళస_కోడలు
బాబూ, నేను గుంటూరు పిల్లని, పెళ్ళై ఈ కుద్రేముఖ దగ్గరి కళస ఊరికి వచ్చాను. పదకొండేళ్ళయింది. మాకు కాఫీ, మిరియాలు, నాలుగు గదుల హోమ్‌స్టే. వాసు గారు చెప్పిన తోట మాది కాదు, కానీ అలాంటివి మా దారిలో మూడున్నాయి.

నేను వచ్చిన కొత్తల్లో సాయంత్రమైతే మా తోట చివర కాటి వచ్చి నిలబడేవి. కాటి అంటే మన అడవిదున్న. వంటింటి కిటికీలోంచి కనపడేది, తెల్ల సాక్సులు వేసుకున్నట్టు కాళ్ళు. మా అత్తగారు ఇలా చెయ్యి ఊపి "హోగమ్మా" అంటే మెల్లగా వెనక్కి తిరిగేది. పక్క తోటలో స్పీకర్లు మొదలయ్యాక రావడం మానేశాయి. పోయిన ఏడాది మా దూడ చిప్స్ ప్యాకెట్లు తిని కడుపుబ్బి చచ్చిపోయింది. సోమవారం పొద్దున మా వాగు దగ్గరికి వెళ్తే నేను ఏరే సీసాలు ఒక్కోసారి సిమెంటు బస్తాడు.

నువ్వు పడుకున్న రాత్రి మీరు అయిదుగురు. ఆ సంఖ్య ఇప్పుడు లేదు నాయనా. లెక్క పెట్టకపోతే ఎలా?

బీటీఎం_బాబు
అక్కా, దూడ సంగతి చదివి బాధేసింది. కానీ చెత్త వేసేవాణ్ణి పట్టుకోవాలి కానీ పడుకునేవాణ్ణి కాదు కదా. నేను సిగరెట్ పీక కూడా జేబులో పెట్టుకుని తెచ్చే మనిషిని.

పెరంబూర్_పద్మజ
చెన్నై నుంచి. బాబు గారూ, మా వాళ్ళు కురంగణి పేరెత్తితే ఇప్పటికీ మాట మింగేస్తారు. 2018 మార్చి, తేని జిల్లా. చెన్నై నుంచి వెళ్ళిన బృందంలో ఎక్కువమంది ఆడపిల్లలు, ఐటీ ఉద్యోగాలు. దిగేటప్పుడు కార్చిచ్చులో చిక్కుకున్నారు. ఇరవై మందికి పైగా పోయారు. నాతో ఒకే ఫ్లోర్‌లో పనిచేసిన అమ్మాయి స్నేహితురాలు అందులో ఉంది. ఆ దారికి సరైన అనుమతి లేదని తర్వాత తెలిసింది. మార్చిలో ఆ కొండల మీద గడ్డి ఎలా ఉంటుందో ఎప్పుడైనా చేత్తో ముట్టుకుని చూశారా? కాగితం. అగ్గి పైకి పరిగెత్తినంత వేగంగా మనిషి పరిగెత్తలేడు.

మీరు మంచివాళ్ళే కావచ్చు. కానీ అడవిలో ఎంతమంది ఉన్నారో, ఎక్కడున్నారో ఎవరికీ తెలియకపోతే వెతకడానికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? పేరు రాయించుకోవడం అందుకు.

ఇప్పుడు తమిళనాడులోనూ అటవీశాఖే ఆన్‌లైన్లో ట్రెక్కులు పెట్టింది, 2024 అక్టోబర్లో, 40 దారులు. గైడ్లు ఆ కొండ ఊళ్ళవాళ్ళే.

కొండగాలి
పద్మజ గారు చెప్పింది అక్షరాలా నిజం. 2019 ఫిబ్రవరిలో బండీపూర్ తగలబడ్డప్పుడు నేను మైసూరు నుంచి వెళ్ళి వాలంటీర్లకి నీళ్ళ క్యాన్లు మోశాను. వేల ఎకరాలు. మా కాళ్ళ కింద నేల రెండో రోజుకి కూడా వెచ్చగా ఉంది. తాబేలు చిప్ప ఒకటి చూశాను, లోపల ఏమీ లేదు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. చలిమంట లేకపోతే మజా ఏముంది అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

హెబ్బాళ_హరి
మధ్యలో చిన్న సందేహం. జలగల సంగతేంటి? మా ఆవిడ దానికోసమే రానంటోంది.

చిత్తూరు_చిన్నోడు
హరన్నా, జూన్ నుంచి నవంబర్ దాకా మలెనాడులో, అదే ఈ పడమటి కనుమల వైపు, జలగ లేని ట్రెక్ అంటే చట్నీ లేని ఇడ్లీ.

మాధవి_కేఆర్‌పురం
మా బావగారికి ఒక్కటి కూడా పట్టలేదు. మా అక్కకి పదహారు. "జలగలకి కూడా రుచి తెలుసు" అని మా అక్క దారి పొడవునా గర్వంగా చెప్పుకుంటూ నడిచింది.

డాక్టర్_కవిత
హరి గారూ, మీ ఆవిడకి ఇది చదివి వినిపించండి. జలగ వల్ల ప్రమాదం ఏమీ లేదు. దాని లాలాజలంలో హిరుడిన్ అని రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది. అందుకే అది వదిలేశాక కూడా చాలాసేపు రక్తం కారుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ పోయేది కొంచెమే. పట్టి లాగకండి. గోరుతో దాని సన్నటి కొస దగ్గర చర్మాన్ని ఆనించి పక్కకి జరిపితే ఊడొస్తుంది. సబ్బుతో కడిగి గట్టిగా అదిమి కట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం వెళ్ళే ముందు డాక్టర్ని అడగాలి.

నేను భయపెట్టేది జలగ గురించి కాదు, గోమారి గురించి. పశువుల మీద ఉండే పిడుదులు, కన్నడంలో ఉణ్ణె అంటారు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపోతుంటే పరీక్షించి కొత్త వైరస్‌ని కనుక్కున్నారు. జబ్బుకి ఆ అడవి పేరే పెట్టారు. దాన్ని మనుషులకి అంటించేది ఈ గోమార్లే. అక్కడివాళ్ళు మంగన కాయిలె అంటారు, కోతి జబ్బు. చిక్కమగళూరు జిల్లాలో కూడా కేసులు వస్తుంటాయి. డిసెంబర్ నుంచి మే దాకా ఎక్కువ. గోమారి కుట్టిన మూడు నుంచి ఎనిమిది రోజుల్లో ఒక్కసారిగా జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. అడవి నుంచి వచ్చాక జ్వరం వస్తే డాక్టర్‌కి "ఫలానా అడవికి వెళ్ళొచ్చాను" అని మీరే చెప్పాలి. ఊళ్ళో డాక్టర్ డెంగీ అనుకుంటారు, అది సహజం. నిండు చేతుల చొక్కా, ప్యాంటు సాక్సుల్లోకి దోపి, చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి వెళ్ళకుండా గార్డుకి చెప్పండి.

హెబ్బాళ_హరి
చదివి వినిపించా. ఇప్పుడు జలగలంటే పర్లేదట, గోమార్లకి భయపడుతోంది.

నల్లమల_నాగన్న
ఇదంతా చదువుతుంటే నాకు మా ఊరు గుర్తొస్తోంది. మాది అచ్చంపేట దగ్గర. ఇప్పుడు యలహంకలో కొడుకు దగ్గర ఉంటున్నా. మీరంతా ట్రెక్కింగ్, క్యాంపింగ్ అంటున్నారు. మా చిన్నప్పుడు ఆ మాటలు లేవు, నల్లమల లోయలో లింగమయ్య ఉండే సలేశ్వరం పోవడమే. చైత్ర పౌర్ణమికి. లోతు లోయలోకి రాళ్ళు పట్టుకుని దిగుతూ "వస్తున్నం లింగమయ్యా" అంటూ పోవడం, తిరిగి ఎక్కేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అనడం. అక్కడ పూజలు చెంచులవే. ఇప్పుడది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, ఏడాదిలో ఆ కొన్ని రోజులే తెరుస్తారు.

మా నాయన నన్ను మొదటిసారి తీసుకుపోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. రాత్రి బండమీద పడుకున్నాం. చెంచాయన ఒకాయన మా పక్కనే కూచున్నాడు, రాత్రంతా నిద్రపోలేదు. ఎప్పుడు కళ్ళు తెరిచినా ఆయన వీపు కనపడేది. ఏదో చప్పుడైతే మా నాయన భయపడి లేచాడు. "పండుకో సామీ, అది కణితి, నీళ్ళకొచ్చింది" అన్నాడు చెంచాయన. కణితి అంటే సాంబర్ దుప్పి. చప్పుడు విని జంతువు పేరు చెప్పే మనిషి పక్కన ఉంటే అడవిలో భయం ఉండదు. వాసు గారి పాపకి కావాల్సింది టెంటు కాదేమో, అలాంటి మనిషి.

రాయచోటి_రెడ్డి
నాగన్న గారూ, ఒక్క మాట. సలేశ్వరంలో కూడా ఇప్పుడు జనం, ప్లాస్టిక్ తక్కువేం లేదు. భక్తి అనేసరికి మనం చూసీ చూడనట్టు పోతాం, ట్రెక్కింగ్ పిల్లల్ని మాత్రం తిడతాం.

నల్లమల_నాగన్న
నిజమే నాయనా, కాదనను. ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం మీదుగా నల్లమల దాటి శ్రీశైలం నడిచి వస్తారు. వాళ్ళకి దారిలో అన్నదానం చేయడానికి మా బంధువులు ఏటా పోతారు. ఈసారి స్టీలు గ్లాసులు పెట్టారు, పేపరు కప్పులు మానేశారు. పాతిక గ్లాసులు పోయాయట. అయినా మళ్ళీ స్టీలే పెడతామన్నారు.

సింధు_హెచ్‌ఎస్‌ఆర్
ఎవరూ మాట్లాడని విషయం నేను మాట్లాడతా. ఆడవాళ్ళ సంగతి. ఇరవై కిలోమీటర్లు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం దాకా, దారిలో బాత్రూం లేదు. గడ్డి కొండ, చాటు లేదు. నీళ్ళు తాగితే వెళ్ళాల్సి వస్తుందని మా బృందంలో ముగ్గురు నీళ్ళే తాగలేదు. మధ్యాహ్నానికి ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. నిర్వాహకుడు "స్టామినా లేదు మేడమ్" అన్నాడు. స్టామినా కాదు బాబూ, నీళ్ళు లేవు.

ఇప్పుడు నేను వెళ్ళేటప్పుడు పాత చున్నీలు రెండు, వాడినవి తెచ్చుకోవడానికి జిప్ కవర్లు, చిన్న తాపీ పెట్టుకుంటా. ఇద్దరు చున్నీ పట్టుకుంటే చాటు. నెలసరి అయితే ప్యాడ్లు అక్కడ పూడ్చకండి, అడవిపందులు తవ్వేస్తాయి, వెనక్కి తెచ్చుకోవాల్సిందే. మొదటిసారి ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటే.

మాధవి_కేఆర్‌పురం
సింధూ, నీకు దండం తల్లీ. నేను నాలుగు ట్రెక్కులు సగం నీళ్ళతోనే నడిచాను, ఎవరితోనూ చెప్పలేక.

కళస_కోడలు
మా దగ్గరికి వచ్చే ఆడపిల్లలకి పొద్దున బయల్దేరే ముందు ఇదే చెబుతా. గైడుగా మా ఊరి ఆడమనిషి కావాలని అడిగినా ఏర్పాటు చేస్తాం, ఒకావిడ వస్తుంది, మా ఆయన కంటే బాగా నడుస్తుంది.

హరిత_జయనగర్
వాసు గారి అసలు ప్రశ్నకి వస్తున్నా, నిజంగా అడవిలో రాత్రి. బిళిగిరి రంగన కొండల్లో కే.గుడి అని ఉంది, చామరాజనగర జిల్లా. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్ళ క్యాంపు, టైగర్ రిజర్వ్ లోపలే. మంచాలున్న పెద్ద టెంట్లు, వెనక బాత్రూం. మా అమ్మకి 66, మోకాళ్ళ నొప్పులు, ఆవిణ్ణి తీసుకెళ్ళా.

రాత్రి రెండింటికి అమ్మ నా చెయ్యి పట్టుకుని లేపింది. టెంట్ గుడ్డకి అవతల, నా తల నుంచి మూరెడు దూరంలో, ఏదో నేల తవ్వుతూ ముక్కుతో బుస్సు బుస్సుమంటోంది. గుడ్డ కొంచెం లోపలికి ఒత్తుకుంది, మళ్ళీ సర్దుకుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. పది నిమిషాలకి వెళ్ళిపోయింది. పొద్దున చూస్తే దుక్కి దున్నినట్టు మట్టి. అడవిపంది, పిల్లలతో. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలెవరొచ్చినా మొదట ఇదే చెబుతుంది, ప్రతిసారీ పంది కొంచెం పెద్దదవుతోంది.

మర్నాడు అక్కడి గిరిజనుల్లో ఒక సోలిగ ఆయన అడవి గురించి చెప్పాడు. అక్కడ దొడ్డ సంపిగె అని మహావృక్షం ఉంది, సంపంగి, సోలిగలు దేవుడిగా కొలుస్తారు. ఆయన చెట్టు పేరు చెప్పేముందు చెప్పులు విప్పాడు. చెట్టు అక్కడ లేదు, మాటల్లో వచ్చిందంతే.

బీటీఎం_బాబు
బాగుంది హరిత గారూ, కానీ జేబుకి బరువు కదా. మామూలు కుర్రాళ్ళు అంత పెట్టగలరా? అందుకే అంటున్నా, అడవి డబ్బున్నవాళ్ళకే అయిపోతోంది.

హరిత_జయనగర్
బరువే, ఒప్పుకుంటా. మేం మూడేళ్ళకి ఒకసారి వెళ్ళాం, దానికోసం దాచుకుని. మీ బాధ న్యాయమైనదే.

పెరంబూర్_పద్మజ
తక్కువ ఖర్చులో కావాలంటే తలకోన చూడండి. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో, 270 అడుగుల జలపాతం, ఉండడానికి గదులున్నాయి. బెంగళూరు నుంచీ, చెన్నై నుంచీ ఒక్క పూట ప్రయాణం. మన భాషే. రాత్రి కోతులు మాత్రం గది తలుపు గడియ తీయగలవు, నేను చూశాను.

చిత్తూరు_చిన్నోడు
మా ఉమ్మడి చిత్తూరు జిల్లా కోతులకి చదువు ఎక్కువ.

కొండగాలి
బాబూ, నీ మాటలో ఒక నిజం ఉంది. దారి తక్కువ ఖర్చులో తెరిచి ఉండాలి. ట్రెక్ టికెట్ ధర అంత ఎక్కువేం కాదు, మధ్యలోవాళ్ళ వల్లే 3,500 అవుతోంది. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు నుంచి కళస, హొరనాడుకి రాత్రి కేఎస్‌ఆర్‌టీసీ బస్సులున్నాయి. బస్సు, ఊళ్ళో ఇంట్లో బస, జీపు, గైడు, టికెట్ విడివిడిగా పెట్టుకుంటే నలుగురికి సగంలో అవుతుంది. ఆ డబ్బు కూడా ఆ ఊరివాళ్ళకే పోతుంది. మామూలు రోజుల్లో వెళ్తే టికెట్ కోసం కొట్లాట కూడా ఉండదు.

రాయచోటి_రెడ్డి
వాసు గారూ, డబ్బు వదిలేయకండి. యూపీఐలో కట్టిన రుజువు, ప్రకటన స్క్రీన్‌షాట్, చెక్‌పోస్టు దగ్గర తీసిన ఫోటో ఉంటే చాలు. ముందు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడతారు.

హెబ్బాళ_హరి
ఇంకో భాష సంగతి చెప్పాలి. మా వాడు స్కందగిరి దగ్గర గార్డు "హుషారాగి హోగి" అంటే, హుషారుగా వెళ్ళమన్నారు అనుకుని ఒక్క పరుగు తీశాడు. కన్నడంలో హుషారు అంటే జాగ్రత్త! మోకాలు చెక్కుకుపోయింది.

కళస_కోడలు
నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్తగారు "హుషారు" అంటే ఇదే అనుకున్నా హరి గారూ. తడి మెట్ల మీద జారి పడ్డాక అర్థమైంది.

బీటీఎం_బాబు
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. 2013 నాటి ఆ రాత్రి సంగతి పూర్తిగా చెప్పలేదు. చలికి తట్టుకోలేక మంట వేశాం. చుట్టూ ఎండుగడ్డి. గాలికి ఒక నిప్పురవ్వ లేచి రెండు గజాల అవతల పడింది. దుప్పటి వేసి తొక్కి ఆర్పాం. ఆ దుప్పటికి పడ్డ చిల్లు ఇప్పటికీ ఉంది, మా అమ్మ కుట్టేసింది. పద్మజ గారు కాగితం అన్నాక నాకు ఆ చప్పుడు గుర్తొచ్చింది, చిటపట. అది ఆరకపోయి ఉంటే అని ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తోంది. పేరు రాయించుకోవాలన్న మాట ఒప్పుకుంటున్నా. ఖర్చు గురించి మాత్రం నా మాట మీదే ఉన్నా.

పెరంబూర్_పద్మజ
చెప్పినందుకు థాంక్స్ బాబు గారూ.

వైట్‌ఫీల్డ్_వాసు
నెల తర్వాత వస్తున్నా. ముందు డబ్బు సంగతి: 1915కి ఫిర్యాదు పెట్టాక సగం వెనక్కి వచ్చింది, మిగతా సగం కోసం ఇంకా అడుగుతున్నాం.

ఈసారి పాపకి సెలవు ఉన్న బుధవారం చూసి మేం ముగ్గురమే వెళ్ళాం. టికెట్లో మా పేర్లు. కళస కోడలు గారింట్లో దిగాం, ఆవిడ చెప్పిన గైడమ్మే వచ్చింది. చెక్‌పోస్టులో అదే గార్డు! పాపని గుర్తుపట్టాడు. జాబితా పాప చేతికిచ్చి "నీ పేరు నువ్వే వెతుక్కో" అన్నాడు. కన్నడ అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కదా, కూడబలుక్కుని చదివేసింది. బ్యాగులు విప్పి ప్లాస్టిక్ లెక్క రాసుకున్నారు.

ఒంటి మర దాకా బాగానే నడిచింది. మన ఒంటి మానే, ఆ గడ్డికొండ మీద ఒక్కటే చెట్టు. ఆ పైన వాగులు దాటుతుంటే జలగలు మొదలు. పాపకి ఏడు. డాక్టర్ గారు చెప్పినట్టే గోరుతో తీసుకుంది, మాకు కూడా తీసిపెట్టింది. శిఖరం దాకా వెళ్ళలేదు. పాత చర్చి గోడల దగ్గరకి చేరేసరికి మంచు కమ్మేసింది, పది అడుగుల్లో ఏమీ కనపడలేదు. గైడమ్మ "సాకు" అంది, చాలు అని. నాకు మనసొప్పలేదు కానీ పాపే "నాన్నా, తిరిగిపోదాం" అంది. 1,892 మీటర్ల శిఖరం ఇంకా అక్కడే ఉంటుంది.

రాత్రి కళసలో కరెంటు పోయింది. అరుగు మీద కూర్చున్నాం. గైడమ్మ అన్నం తిని వెళ్ళబోతూ ఆగి, పాప పక్కన కూర్చుంది. ఒక్కో చప్పుడు వస్తుంటే పేరు చెప్పింది. ఇది కప్ప, ఇది ఇంకో కప్ప, అది గుడ్లగూబ. దూరంగా కుక్క మొరిగినట్టు ఒక్కసారి వినిపించింది. "కుక్క కాదు, అడవిగొర్రె" అంది. కాడు కురి అంటారట వాళ్ళు, నిజానికి మొరిగే చిన్న జింక. పాప నోటుపుస్తకంలో పదకొండు చప్పుళ్ళు రాసుకుంది. నాగన్న గారూ, మీరు చెప్పిన మనిషి మాకు దొరికింది.

నల్లమల_నాగన్న
చాలా సంతోషం నాయనా. మీ పాపని సలేశ్వరం తీసుకురా, చైత్ర పౌర్ణమికి. నేను కూడా వస్తా, దిగలేకపోయినా పైన కూచుంటా.

చిత్తూరు_చిన్నోడు
పదకొండు చప్పుళ్ళలో వాళ్ళ నాన్న గురక ఉందా లేదా?

వైట్‌ఫీల్డ్_వాసు
ఉంది తమ్ముడూ. ఎనిమిదోది.

కళస_కోడలు
వాసు గారూ, పాప చేతికర్ర మా అరుగు మీదే మర్చిపోయారు. గైడమ్మ చెక్కి ఇచ్చిందే. దానిమీద పేరు రాసి గోడకి ఆనించి పెట్టాను. శిఖరానికి వచ్చినప్పుడు తీసుకోమనండి. మొన్న సాయంత్రం తోట చివర కాటి ఒకటి కనపడింది, చాలా రోజులకి. అది కూడా పాపకి చెప్పండి.